పెట్టెలో చెయ్యి పెట్టకు

కర్నూలు,
ఆదివారం.

చి. హారికకు,


నీ ఉత్తరం అందింది. నీ ఎంపరర్ తేలు పది రోజులుగా కీచురాయిని ముట్టడం లేదనీ, పొట్ట పక్కలు ఉబ్బి మూలన కదలకుండా పడి ఉందనీ రాశావు. కంగారు పడకు తల్లీ. ఆ లక్షణాలు చూస్తే కుబుసం విడవడానికి సిద్ధమవుతున్నట్టుంది.

ఈ రాత్రే ఒక పని చెయ్యి. పెట్టెలో కీచురాళ్లు మిగిలి ఉంటే వెతికి తీసెయ్యి. కుబుసం విడిచాక ఒళ్లు మెత్తగా ఉన్న తేలు కీచురాయిని తినలేదు, కీచురాయే తేలును కొరుక్కు తింటుంది. నీళ్ల గిన్నె నింపు. కొబ్బరిపొట్టును ఒకవైపు తడిపి ఉంచు. ఘనా, నైజీరియా వైపు తేమ నేలల్లో బొరియలు చేసుకుని బతికే జాతి అది. గాలి పొడిబారితే పాత పెంకు ఊడిరాదు. ఇవన్నీ అయ్యాక మాత్రం పెట్టెలో చెయ్యి పెట్టకు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది కోడుమూరని నీకు తెలుసు. శ్రావణమాసం మూడో సోమవారం కొండ మీద రాళ్లెత్తి, తేళ్లు పట్టి, కొండలరాయుడికి సమర్పించే ఊరు. తేలంటే భయం నాకు చిన్నప్పుడు అక్కడే పోయింది. భయం పోవడం వేరు, ఓపిక రావడం వేరు. ఓపిక లేక ఒక ప్రాణం తీశాను.

మీ నాన్న ఇంకా పుట్టలేదు. కాలేజీలో జువాలజీ చెప్పడం మొదలుపెట్టిన కొత్త. పొలంగట్టు రాళ్ల కింద దొరికిన మండ్రగబ్బ పిల్లను గాజుతొట్టిలో పెంచాను. ఒక రాత్రి దాని తలపలక ముందు విచ్చుకుంది. కాళ్లు బయటికి వచ్చాయి. పట్టుకారులాంటి ముందరి చెయ్యి ఒకటి మాత్రం పెంకులోనే ఆగిపోయింది. గంటసేపు చూసి, ఉండబట్టలేక ఫోర్సెప్స్‌తో లాగాను. లోపలి ఒళ్లు అప్పటికి జున్నులా ఉంది. చెయ్యి మొదలంటా తెగి, లేతనీలం నెత్తురు కారింది. తెల్లారేసరికి చచ్చిపోయింది. కుబుసానికి గంటలు పడుతుంది, మధ్యమధ్య తేలు అలుపు తీర్చుకుంటుంది. ఆ అలుపును నేను ఆపద అనుకున్నాను.

రెండేళ్లకు మరో పిల్ల కుబుసం విడిచినప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు చూశాను అసలు సంగతి. పాత పెంకు కింద కొత్తది మడతలు పడి ముందే తయారై ఉంటుంది. తేలు ఒంట్లో నెత్తురు ఒత్తిడి పెంచి తలపలక అంచులను పగలదీస్తుంది. ముందు నోటి దగ్గరి చిన్న కొరుకుళ్లు, తర్వాత చేతులు, ఎనిమిది కాళ్లు, పొట్ట కింది దువ్వెనలు, చిట్టచివర తోకా కొండీ బయటికొస్తాయి. ఒంటి మీది సన్నని వెంట్రుక సైతం తన ఒరను వదిలి వస్తుంది. బయటపడ్డ తేలు పాలిపోయి, మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం ఉన్నంతలోనే మడతలు విప్పుకుని పెరగాలి. గట్టిపడ్డాక పెంకు సాగదు.

కుబుసం అయ్యాక కనీసం వారం తిండి పెట్టకు. నీ అల్ట్రావయొలెట్ టార్చి ఒక్క క్షణం వేసి చూడు. విడిచిన పెంకు మెరుస్తుంది, కొత్త ఒళ్లు మెరవదు. గట్టిపడే కొద్దీ దానికీ ఆ వెలుగు వస్తుంది. తేలుకు వెలుతురు పడదు కాబట్టి వెంటనే ఆర్పెయ్యి.

ఇలాంటి రాత్రులు నీకు ఎన్నో దొరకవు. మొదటి కుబుసం తల్లి వీపు మీదే అయిపోతుంది. పెద్దదయ్యేలోపు మరో నాలుగైదు, మహా అయితే ఆరు. ఆ తర్వాత ఇక విడవదు.

నీ స్నేహితుడు మన ఎర్రతేలు తెప్పించుకుంటానంటున్నాడని రాశావు. వద్దని గట్టిగా చెప్పు. మండ్రగబ్బ ఆకారంలోనే భయంకరం. ఎర్రతేలు వేలెడంతే ఉంటుంది గానీ దాని విషం గుండె మీదికి వెళుతుంది, చిన్నపిల్లలు చనిపోవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో రక్తపోటుకు వాడే ప్రజోసిన్‌తో ఎందరినో బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మందు ఉంది కదా అని ఆ విషాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. ఇక నీ తేలు సంగతి. ఆ జాతి వ్యాపారం మీద 1995 నుంచి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నిఘా ఉంది. అడవి నుంచి పట్టి తెచ్చింది కాదని తేల్చుకున్నాకే కొన్నానని రాశావు. సంతోషించాను.

విడిచిన పెంకు ఎండాక ముట్టుకుంటే విరుగుతుంది. దూది మీద పెట్టి, తేదీ రాసి దాచు. నా రెండో పిల్ల విడిచిన పెంకు అగ్గిపెట్టెలో ఇప్పటికీ ఉంది. అది మెరుస్తుందని పుస్తకాల్లో చదివి పిల్లలకు పాఠం చెప్పానే గానీ, అలాంటి లైటు నా దగ్గర ఎప్పుడూ లేదు. వేసవికి వచ్చేటప్పుడు నీ టార్చి తెచ్చుకో. దీపాలు ఆర్పి ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
నీ తాత