రోజుకు ఐదుసార్లు కడిగే పాదాలను ఒక్కసారైనా చూద్దాం

ఒక ఎండాకాలం జుమా రోజున మాకు తెలిసిన పెద్దాయన ఒకరు చెప్పులు విప్పి, మస్జిద్ ఆవరణలో కాలిన బండల మీదుగా వుజూ కొళాయిల దగ్గరకు నడిచారు. అరికాళ్లు కాలిన సంగతి ఆయనకు తెలియలేదు. బొబ్బలను సాయంత్రం మనవరాలు చూసింది. నొప్పి లేదు కదా అని వారం రోజులు ఊరుకున్నారు. చీము పట్టింది. చివరకు రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

నొప్పి లేకపోవడమే ఇక్కడ ప్రమాదం. చాలాకాలం షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. రక్తనాళాలు సన్నబడితే పుండు త్వరగా మానదు. కాలు చెప్పలేని మాటను కన్నే కనిపెట్టాలి.

అందుకు వుజూ మనకు మంచి అవకాశం. వేళ్ల మధ్య ఖిలాల్ చేసేటప్పుడు రోజుకొక్కసారైనా పాదాన్ని పరిశీలనగా చూద్దాం. పగుళ్లు, బొబ్బలు, ఎరుపు, వాపు, రంగు మార్పు ఉన్నాయా? అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకోవాలి, లేదా ఇంట్లోవారిని చూడమనాలి. చలికాలం ఫజ్ర్‌కు కాచిన నీళ్లను ముందుగా మోచేతితో చూసుకోవాలి. వుజూ అయ్యాక వేళ్ల సందులు మెత్తని గుడ్డతో ఒత్తాలి. తడి నిలిస్తే ఒరుస్తాయి. మడమలకు వ్యాజిలిన్ రాయవచ్చు, వేళ్ల సందుల్లో రాయకూడదు.

ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. వేసుకునే ముందు దులిపి, లోపల చేత్తో తడిమి చూడాలి. కొత్తవి సాయంత్రం కొనాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. గోళ్లు నేరుగా కత్తిరించాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయకూడదు. బీడీ, సిగరెట్ మానాలి.

చిన్న గాయమైనా మంచినీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పసుపు, సున్నం, ఆకు పసర్లు పెట్టి రోజులు గడపవద్దు. గాయం లేకపోయినా ఒక పాదం వేడిగా వాచి ఉంటే ఆలస్యం చేయవద్దు. గాయానికి నీళ్లు తగలకూడదని డాక్టరు చెబితే, కట్టు మీద మసహ్, తయమ్ముమ్ వంటి సౌలభ్యాలు మన ధర్మంలో ఉన్నాయి. ఏది వర్తిస్తుందో ఆలిమ్‌ను అడగాలి.

ఏడాదికి ఒకసారైనా పాదాల పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాన్ పోగు తాకించి స్పర్శ ఉందో లేదో చూస్తారు. నొప్పి ఉండదు. హజ్, ఉమ్రాకు వెళ్లేవారు ప్రయాణానికి ముందే ఈ పరీక్ష చేయించుకుని, అలవాటైన చెప్పులు తీసుకెళ్లాలి.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటే: ఎండాకాలం జుహర్‌కు ముందే కొళాయిల దాకా చాపలు పరిపించండి. ఒక చాప ఒక కాలును కాపాడవచ్చు.

శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. సజ్దాకు మనల్ని మోసుకెళ్లే పాదాలను జాగ్రత్తగా చూసుకునే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.