ముందు ఎర్త్ చూడు

తమ్ముడూ,

హమ్ గురించి అంత వివరంగా రాసి, చెప్పుల్లేకుండా కంప్యూటర్ క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందని ఆఖర్న ఒక్క ముక్క రాశావు. నాకు భయం వేసింది అక్కడే. ఆడియో ఇంటర్ఫేస్ మార్చేద్దామన్న ఆలోచన పక్కనపెట్టు. ఆ జివ్వుమనడమూ, స్పీకర్లో గుయ్యిమనడమూ ఒక్కచోటి నుంచే వస్తుండొచ్చు.

కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్‌కి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కాస్త కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద 230లో దాదాపు సగం వోల్టేజి నిలుస్తుంది. ఆ కరెంటే యూఎస్‌బీ కేబుల్ పట్టుకుని ఇంటర్ఫేస్‌లోకి, అక్కణ్ణించి మైకు ఇనుప జాలీ దాకా చేరుతుంది. ఆ మైకుకి పెదవులు ఆనించి పాడేది మనుషులు.

అందుకని ఎలక్ట్రీషియన్ని పిలిచి మేడగది సాకెట్లో మీటరు పెట్టించు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వచ్చే అంకెలు ఇంచుమించు ఒకటే ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే లోపం వెతకమను. పాత ఇళ్లలో చాలాసార్లు మూడో రంధ్రం ఉన్నా వెనక తీగ ఉండదు. ఉన్నా, మన ఉప్పుగాలికి ఎర్త్ గొయ్యి దగ్గర బోల్టు తుప్పుపట్టి ఉండొచ్చు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎవరైనా చెబితే వినకు. ఒక్కోసారి నిజంగానే పోతుంది, ప్రమాదం మాత్రం మిగులుతుంది.

ఎర్త్ బాగుండి కూడా చప్పుడొస్తే, చెవిపెట్టి అది ఏ రకమో తేల్చుకో. సన్నగా కీచుమంటూ, మౌసు కదిపినప్పుడల్లా మారుతుంటే అది గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డుల చప్పుడు యూఎస్‌బీ గుండా రావడం. ఛార్జర్ తీసేసిన లాప్‌టాప్‌కి అదే ఇంటర్ఫేస్ తగిలించి విను. అక్కడ శుభ్రంగా ఉంటే ఇంటర్ఫేస్ తప్పు లేదు. హెడ్‌ఫోన్లో రాకుండా స్పీకర్లలోనే వస్తే అది గ్రౌండ్ లూప్ అయ్యుండొచ్చు. స్పీకర్లూ కంప్యూటరూ ఒకే బోర్డు నుంచి తీసుకో, మధ్యలో బ్యాలెన్స్‌డ్ టీఆర్ఎస్ కేబుళ్లు వెయ్యి. చవకరకం యూఎస్‌బీ ఐసోలేటర్ కొనొద్దు, చాలావాటికి వేగం సెకనుకు 12 మెగాబిట్లే, 480 కావలసిన ఇంటర్ఫేస్ దాంతో పనిచెయ్యదు. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కూడా ఓసారి ఆపి చూడు.

రికార్డింగులో వచ్చే చిటపటలు మాత్రం వేరే జబ్బు, కరెంటుతో సంబంధం తక్కువ. సెకనుకు 44,100 శాంపిళ్లు వస్తుంటే బఫర్ 64 అంటే కంప్యూటర్‌కి ఒకటిన్నర మిల్లీసెకను వ్యవధి కూడా ఇవ్వనట్టే. 256 పెడితే ఆరుకి దగ్గర. తయారీదారు ఇచ్చిన ఏషియో డ్రైవరే వాడు, వెనకవైపు పోర్టుకే తగిలించు, యూఎస్‌బీ పవర్ సేవింగ్ ఆపు. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరు చెబుతుంది. తరచూ వైఫైదే.

తర్వాత ఈక్యూలో హమ్ కోసేద్దామనుకోకు. మన కరెంటు హమ్ 50 హెర్ట్జ్ దగ్గరా, 100, 150 దగ్గరా ఉంటుంది. నువ్వు రికార్డు చెయ్యాలనుకున్నది జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ. అక్కడ కోస్తే జముకు గుమ్మదనం కూడా పోతుంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో మన పేట ముఖాల్ని అందరూ చూశారు. అలాగే ఉత్తరాంధ్ర కథకుల గొంతులు కూడా నీ గదిలో ఉన్నవి ఉన్నట్టు నిలవాలని నాకు ఎంతో కోరికగా ఉంది. ఆ పెద్దవాళ్లని రమ్మనే ముందే మీటరు అంకెలు నాకు పంపు. అంతవరకూ మైకు ఎవరి చేతికీ ఇవ్వకు.

అన్నయ్య