వింత ఇష్టమైతే రోగమా చెల్లే?

ఉత్తరంల అసలు ముచ్చట దగ్గరికొచ్చేసరికి చుక్కలు పెట్టి ఊకున్నవు. పర్వాలేదు చెల్లే, ఆ ఇష్టం పేరేందో నాకు అక్కర్లేదు. హన్మకొండ హాస్టల్ల అందరు పండుకున్నంక ఫోన్ల వెతుక్కుంట "నాకే ఇట్లెందుకు?" అని ఏడుస్తున్నవు చూడు, నా బాధంత దాని గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల ఒప్పుకొని 2022 నుంచి అమలుచేసిన రోగాల జాబితా ఒకటున్నది. ఏదో ఒక వస్తువు మీద మోజు, వేరే వేషం కట్టుకోవాలన్న కోరిక, పెద్దోళ్లిద్దరు ఒప్పుకొని ఆడుకునే కట్టేసుకునే ఆటలు, ఇవన్ని పాత జాబితాల రోగాలే. కొత్తదాంట్లకెళ్లి తీసేసిన్రు. నలుగురు వెలేస్తరన్న భయంతోటి వచ్చే బాధను సుత రోగం కింద లెక్కకట్టొద్దన్నరు. నాకు బాగ నచ్చింది ఇదే.

ఆ నలుగురి సంగతే చిత్రం. 1213 నాటి రామప్ప గుడిల మదనికల ముంగట ఇంటిల్లిపాది నిలబడి ఫొటోలు దిగుతరు. క్రీడాభిరామంల మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వాడలల్ల తిరిగి చూసిన సరసాలన్ని మనకు సాహిత్యం. అట్లని మన పెద్దోళ్లు ఎంత ఉదారులో అని మురవకు, అదంత మగోళ్లు చూసిన చూపు. ఆడమనిషి రాస్తే ఏమైందంటవా? ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910ల అచ్చేయిస్తే, మరుసటేడే బూతని నిషేధం పెట్టిన్రు. అది పోనీకి టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసుల గద్దెనెక్కేదాంక ఆగాల్సొచ్చింది. ఇగ మన అమ్మలు స్వాతిల డాక్టర్ సమరం జవాబులు చదివిన్రు, ఎవరన్న వస్తే పేజీ తిప్పేసిన్రు.

ఇష్టం వింతదా, మామూలుదా అని నేనైతే చూడ. ఎదుటి మనిషి మేజరేనా, మనసుతోటి ఒప్పుకున్నరా, నడుమల వద్దంటే ఆగుతరా, ఇవి చూస్త. నువ్వు రాసిన పిలగాడు "ప్రేముంటే ఒప్పుకోవాలె" అంటున్నడట. అది జబర్దస్తీ. రేపు పెండ్లయినా నా మాట ఇదే. ఫొటోలడిగితే అసలే పంపకు. ఇప్పటికే పంపి ఉంటే, వాడు బెదిరిస్తుంటే, పైసలియ్యకు. ఆ మెసేజ్‌లు తుడిచెయ్యకుంట దాచి సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి, లేదంటే షీ టీమ్స్‌కు చెప్పు.

గోడల మీద గుప్తరోగాల బోర్డులు చూసి మాత్రం ఎటూ పోకు. మనసు కుదుటపడకుంటే ఎంజీఎం దవాఖానల మానసిక వైద్యులున్నరు. అంతదూరం పోనీకి సిగ్గైతే టెలీ మానస్, 14416, తెలుగులనే మాట్లాడొచ్చు.

అమ్మకు చెప్పాల్నా అని అడిగినవు. ఇప్పుడే వద్దు. ఆమె ముచ్చట్లు ఆమె నీకెప్పుడన్న చెప్పిందా?