ఇంటికప్పు - ఎండవేడిమి

మన తెలుగునాట వేసవి యనగా ఎండ, వడగాలి, ఉక్క అను మూడు బాధల కాలము. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. ఎండను మాన్పుట మన చేత గాదు. కాని యా యెండ మన యింటిలోనికి వచ్చి కాపురముండకుండ చేయుట చాలవరకు మన చేతిలోని పనియే. చల్లదనమును యంత్రముతో కొనుటకు ముందు వేడిమిని కప్పుమీదనే నిలుపుట యెట్లో తెలిసికొనుట యీ పాఠముయొక్క యుద్దేశము.

వేడిమి యొకచోటినుండి మఱియొకచోటికి మూడు విధముల పోవునని విద్యార్థులు భౌతికశాస్త్రమున చదివియున్నారు. గరిటె కొన పొయ్యిలో నుండగా దాని కాడ కాలుట ఉష్ణవహనము. కుండలోని నీరు అడుగున కాగి పైకి లేచుట ఉష్ణసంవహనము. మంట తాకకయే పొయ్యిముందు కూర్చున్నవానికి సెగ తగులుట ఉష్ణవికిరణము. ఇంటికప్పు విషయమున చూడుడు. సూర్యకిరణములు వికిరణముచే కప్పును కాల్చును. ఆ వేడిమి వహనముచే కప్పు అడుగునకు దిగును. అచ్చటినుండి మరల వికిరణముచే మన తలలమీదికి వచ్చును. రాత్రి పది గంటలకు శ్లాబు క్రింద పండుకొన్నవానికి పైనుండి సెగ తగులుటకు కారణ మిదియే. పగలెల్ల త్రాగిన యెండను కాంక్రీటు రాత్రి వెలిగ్రక్కుచుండును.

గోడలకంటె కప్పే ముఖ్యమని యేల చెప్పవలెను? విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16½ డిగ్రీల దూరమునను, హైదరాబాదు సుమారు 17½ డిగ్రీల దూరమునను ఉన్నవి. కావున మే నెల మొదటి పది దినములలో నొకనాడును, ఆగస్టు మొదటి వారములో మఱియొకనాడును మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా మన నడినెత్తిమీద నిలుచును. ఆ కాలమున దక్షిణపు గోడపై ఎండ యంతగా పడదు. తూర్పుగోడపై ఉదయమును, పడమటిగోడపై సాయంకాలమును పడును. కప్పుమీదనో, ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువఱకు పడుచునే యుండును. గోడలలో పడమటిది మిక్కిలి బాధకరము. ఏలయన, గాలి యంతయు కాగియున్న వేళ దానిపై ఎండ తగులును.

మన పెద్దలు ఈ సంగతి నెఱిగినవారని వారు కట్టిన యిండ్లే చెప్పుచున్నవి. కోస్తా జిల్లాల తాటాకు చుట్టిల్లు చూరును క్రిందికి దింపి గోడలను నీడలో నుంచెడిది; ఆకుపొరల నడుమ చిక్కిన గాలి వేడిమిని దిగనీయకుండెడిది. రాయలసీమ మిద్దెకు గోడలు దళసరివి, కప్పుపై మట్టి దళసరిది. పగటి వేడిమి లోపలికి చేరునప్పటికి ప్రొద్దు క్రుంకెడిది. మండువా లోగిలిలో వేడిగాలి నడిమి తెరపిగుండ పైకి పోయెడిది. అయితే తాటాకునకు అగ్నిభయము, మట్టికి వానభయము, పెంకునకు కోతులభయము ఉండుటచే జనులు వానిని విడిచి రేకులకును శ్లాబులకును వచ్చిరి. అందు తప్పు లేదు. కాని పాతకప్పు చేయుచుండిన నీడపనిని కొత్తకప్పునకు ఎట్లు నేర్పవలెనని ఆలోచించినవారు తక్కువ.

అట్లు ఆలోచించినవారిలో లారీ బేకరు ముఖ్యుడు. ఆయన 1917లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామునందు జన్మించి, 1945లో కుష్ఠురోగుల సేవాకార్యమునకై మన దేశమునకు వచ్చెను. తరువాత తిరువనంతపురమున స్థిరపడి, 2007లో మరణించువఱకు తక్కువ వెలలో చల్లని యిండ్లు కట్టుటయే పనిగా పెట్టుకొనెను. ఇటుకలను పండబెట్టక నిలువుగా నిలిపి, గోడ నడుమ బోలు ఉండునట్లు పేర్చుట ఆయన మిక్కిలిగా వాడిన పద్ధతి. దీనివలన ఇటుకలలో సుమారు నాలుగవవంతు మిగులును. బోలులోని గాలి వేడిమిని ఆలస్యపఱచును. కిటికీలకు బదులు ఇటుకలతోనే జాలీ కట్టి వెలుతురును గాలిని లోనికి పిలిచెను.

కొత్త యిల్లు కట్టుకొనువారికి ఇట్టి మార్గములు గలవు. 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఇకో నివాస్ సంహిత, గోడలగుండను కప్పుగుండను ఎంత వేడిమి లోనికి రావచ్చునో హద్దు లేర్పఱచినది. హైదరాబాదునందు 2004లో ప్రారంభింపబడిన సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రముయొక్క కప్పులో సగమునకు పైగా తోట పెంచబడినది. కాని యిదివఱకే రేకుల యింటిలో కాపురమున్న కుటుంబము ఏమి చేయవలెను? అట్టి యింటి పిల్ల వేసవి మధ్యాహ్నమున పుస్తకము తెఱవలేదు. రాత్రి నిద్రలేక తెల్లవాఱి పనికి పోవు తండ్రి మధ్యాహ్నమునకే డస్సిపోవును. ఈ పాఠము ముఖ్యముగా వారికొఱకే.

మొదటి యుపాయము తెలుపు. తెల్లనికప్పు ఎండలో అధికభాగమును ఆకాశమునకే తిప్పిపంపును. దానివలన ఇంటిలోపలి వేడిమి రెండు మొదలు నాలుగు డిగ్రీలవఱకు తగ్గవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇట్లు మార్పవలెనని సంకల్పించినది. సున్నమునకు కొంచెము తెల్లసిమెంటును జిగురును కలిపి రెండు పూతలు పూసిన చాలును. వానలకు అది కొంత కొట్టుకొనిపోవును, దుమ్ము పట్టిన గుణము తగ్గును. కనుక ఏటేట వేసవికి ముందు మరల పూయవలెను. సున్నము కంటిలో పడనీయరాదు. సిమెంటు రేకులపై నేరుగా అడుగిడిన విఱుగును గావున పిల్లలు ఎక్కక, పెద్దలే బల్లచెక్క వేసికొని నిలువవలెను.

రెండవ యుపాయము నీడ. ఆనప, గుమ్మడి, చిక్కుడు పాదులను కప్పుపైకి ప్రాకించుట మన పల్లెలలో తెలిసినదే. ఆ తీగ కూరయు నిచ్చును, నీడయు నిచ్చును. పడమటిగోడకు పందిరియో, వేపచెట్టో ఉండవలెను. రేకుల క్రింద జానెడు ఎడముగా వెదురుతడక కట్టినను మేలే.

విద్యార్థులు దీనిని తామే పరీక్షింపవచ్చును. సమానమైన రెండు డబ్బాలను తెచ్చి, ఒకదానికి వెలుపల సున్నమును, రెండవదానికి మసిని పూసి, సమముగా నీరు పోసి మూతలు పెట్టి యెండలో నుంచుడు. పావుగంటకొకమారు ఉష్ణమాపకముతో చూచి పట్టిక వ్రాయుడు. ఒక గంట గడచునప్పటికి ఆ పట్టికయే మీకు గురువగును.

ఇంక యంత్రముల మాట. పాతరకపు పంకా సుమారు 75 వాట్ల విద్యుత్తును పుచ్చుకొనగా, కొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. పంకా 30 వాట్లకు కొంచె మించుమించుగా పుచ్చుకొనును. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చును. ఒకటిన్నర టన్నుల ఏ.సి. యంత్రమునకు మాత్రము సుమారు 1,500 వాట్లు కావలెను. రోగులకును వృద్ధులకును అది అవసరము కావచ్చును. దానిని నిందింప బనిలేదు. కాని యది వేడిమిని నాశనము చేయదు. గదిలోని వేడిమికి తన వేడిమినిగూడ చేర్చి వీధిలోనికి త్రోయును. మన గది చల్లబడినకొలది ప్రక్కనున్న రేకుల యింటివారి గాలి కాగుచున్నది. సున్నపుపూత యట్లు గాదు. అది మన యింటిని చల్లార్చుటలో పొరుగువాని నెవ్వనిని కాల్చదు.

కావున తల్లిదండ్రులు ఇంటి యంత్రములను గూర్చి యోచించుటకు ముందు ఇంటికప్పును చూచుకొందురు గాక. విద్యార్థులు మాఘ, ఫాల్గుణ మాసములలోనే తమ యింటి కప్పునకును, పెద్దల సాయముతో పొరుగున నున్న యొక వృద్ధుని కప్పునకును పూత పడునట్లు చూతురు గాక. చదివిన శాస్త్రము ఒకరి రాత్రినిద్రకు తోడ్పడిన, ఆ చదువు సార్థకమైనదే.