యేల్ విశ్వవిద్యాలయపు ఉచిత పాఠములు – మన విద్యార్థులు

చెన్నపట్టణమునందలి సెంటు జార్జి కోటను చూచినవారు మన విద్యార్థులలో కొందఱుందురు. ఆ కోటకు 1687 మొదలు 1692 వఱకు ఈలిహు యేల్ అనునాతడు గవర్నరుగా నుండెను. కంపెనీ కొలువు చేయుచునే సొంత వర్తకమును సాగించి యాతడు మిక్కిలి ధనము గడించెను. ఆ దినములలో ఆ రేవునుండి మనుష్యులను బానిసలుగా ఓడల కెక్కించి పంపుటయు జరిగినది. కావున ఆ ధనము నిష్కళంకమైనదని మేము చెప్పజాలము. ఆతడు ఇంగ్లండునకు మరలిన పిమ్మట, 1718లో, అమెరికాలోని యొక చిన్న కళాశాలకు 9 మూటల సరకును, 417 పుస్తకములను, జార్జి రాజు చిత్రపటమును దానముగా నిచ్చెను. సరకు నమ్మగా 562 పౌండ్లు వచ్చినవి. 1701లో స్థాపింపబడిన ఆ కళాశాల దాత పేరు పెట్టుకొనెను. అదియే నేటి యేల్ విశ్వవిద్యాలయము.

మన తీరమున గడించిన ధనముతో నిట్లు సాయమొందిన ఆ విద్యాలయము 2007 డిశంబరు మొదలుకొని తన ప్రవేశపాఠములను కొన్నింటిని అంతర్జాలము మూలమున లోకమున కెల్ల ఉచితముగా నందించుచున్నది. మొదట ఇచ్చినవి 7 విషయములు: భౌతికశాస్త్రము, ఖగోళ భౌతికశాస్త్రము, మనస్తత్వశాస్త్రము, రాజనీతి తత్త్వము, ఆధునిక కవిత్వము, పాత నిబంధన, మరణమును గూర్చిన తత్త్వవిచారము. తరువాత చరిత్ర, అర్థశాస్త్రము, సంగీతము మున్నగునవి చేరగా వాని సంఖ్య 40కి మించినది.

ఈ పాఠము లేరీతివి? అచ్చటి తరగతిలో ఆచార్యుడు విద్యార్థులకు బోధించినదే వీడియోగా తీయబడినది. ప్రతి యుపన్యాసమునకును మాటకు మాట వ్రాసిన ప్రతి గలదు, పాఠ్యప్రణాళికయు గలదు. భౌతికశాస్త్రమునకు అభ్యాసపు లెక్కలు, వాని జవాబులుగూడ గలవు. చేరుటకు పేరు వ్రాయించుకొన బనిలేదు, రుసుము లేదు. అట్లే హాజరుపట్టీ లేదు, మార్కులు లేవు, కడపట యోగ్యతాపత్రమును లేదు.

భౌతికశాస్త్రమును బోధించినవారు రామమూర్తి శంకర్ గారు. వీరు 1969లో మద్రాసు ఐ.ఐ.టి.లో పట్టము పొందినవారు. వీరి మొదటి భాగమున 24 ఉపన్యాసములు గలవు. అవి గమనసూత్రములతో మొదలై, ఐన్‌స్టయిన్ సాపేక్షసిద్ధాంతమును దాటి, ఉష్ణశాస్త్రముతో ముగియును. కలనగణితము తెలియనిదే ఇవి చక్కగా బోధపడవు గనుక పై తరగతులవారికే తగియుండును. చిన్నవారు గ్రహములను, కృష్ణబిలములను గూర్చి చెప్పు ఖగోళపాఠములను ముందుగా చూడవచ్చును.

“యోగ్యతాపత్రము రానిచో ఇంత శ్రమ యేల?” అని విద్యార్థులును, వారి తల్లిదండ్రులును అడుగుచుందురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. పేదయింటి బిడ్డకు పత్రమే ఉద్యోగమునకు ద్వారము. పత్రము కోరువారికి మన దేశమున 2017లో ఆరంభమైన ‘స్వయం’ గలదు. అందు పాఠములు ఉచితము, పరీక్షకు మాత్రము రుసుము కట్టవలెను. అయినను పత్రముకంటె ముందు కావలసినది తెలివిడి. దాని కొక యుదాహరణ చెప్పెదము.

నిట్టనిలువుగా పైకెగురవేసిన బంతి శిఖరమున ఒక్క క్షణము నిలుచును. అప్పుడు దాని వేగము సున్న. మఱి త్వరణ మెంత? వీడియో చూచి తలయూచిన విద్యార్థిని అడిగినచో, “అదియు సున్నయే” యని చెప్పుట కలదు. అది తప్పు. త్వరణము సున్నయైనచో వేగము మారదు. వేగము మారనిచో బంతి ఆకాశముననే నిలిచిపోవలెను. కాని అది క్రిందికి వచ్చుచున్నది. కావున శిఖరమునందును త్వరణము సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, క్రిందివైపునకే. వినునపుడు సులభముగా తోచిన దానిని కాగితముపై పెట్టినపుడే మన తెలియనితనము బయటపడును. తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్నించి దీనిని బయటపెట్టును. అంతర్జాలమున ప్రశ్నించువారు లేరు. దీనిని వ్రాయుచున్న మేమును ఒక వేసవిలో మూడు విషయములు ఒక్కసారి మొదలిడి, మూడవ వారమునకే అన్నిటిని విడిచితిమి. ఏల విడిచితిరని అడుగువారు లేకపోయిరి.

కావున మా సలహా యిది. మొదట, ఒక్క విషయమునే యెంచుకొనుడు. వారమునకు ఒక యుపన్యాసము చొప్పున 24 వారములలో ఒకటి పూర్తియగును. రెండవది, ఆచార్యుల ఆంగ్లము వేగముగా నుండును గనుక వ్రాతప్రతిని ముందుగా చదివి, తెలియని మాటలకు అర్థములు వ్రాసికొనుడు. మూడవది, పది నిమిషముల కొకసారి వీడియో నాపి, విన్నదానిని తెలుగున మీ సొంత మాటలలో వ్రాయుడు. వ్రాయలేనిచో మరల వినుడు. నాలుగవది, జవాబు చూడకమునుపే లెక్క చేయుడు. ఐదవది, సందేహములకు వేఱుగా ఒక పుస్తకము పెట్టి, దానిని మీ ఉపాధ్యాయునికి చూపుడు.

తల్లిదండ్రులారా, ఇంటనున్న ఒక్క ఫోనును వారమున ఒక సాయంకాలము బిడ్డ కిచ్చి, ఆ యుపన్యాసము ముగియువఱకు ప్రక్కనే కూర్చుండుడు. ఆంగ్లము రాకపోయినను, “ఈ దినము నేమి నేర్చితివి?” అని యడుగుట మీకు వచ్చును. ఫోను లేని బిడ్డలను మఱచుట న్యాయము కాదు. ఈ పాఠములలో చాలవఱకు, వ్యాపారమునకు గాక మూలము పేర్కొని, ప్రతులు తీసి పంచుకొనుటకు అనుమతి గలదు. ఒక ప్రతిని అచ్చువేసి బడిలో నలుగురైదుగురు కలిసి చదివినను చాలును. అట్లు కూడిన చోట ప్రశ్నించువారును దొరకుదురు.

విద్యార్థులారా, ఈ పాఠములు మీకొఱకు తెఱచియున్నవి. వచ్చు సంచికనాటికి మీలో ఒక్కరైనను 24 ఉపన్యాసములను ముగించి, నిండిన నోటుపుస్తకమును తెచ్చి మాకు చూపినచో మేము మిక్కిలి సంతోషింతుము. దేవుడు మీ ప్రయత్నమును దీవించుగాక.