అటకమీది వాద్యము ఎవరి చేతికి?

నెలసరి పాఠము
చదువవలసిన భాగములు: కీర్తన 137:1–4, సంఖ్యాకాండము 27:1–7, మత్తయి 25:14–30



డోన్ దాపున ఒక క్రైస్తవ గృహమును తలంచుకొనుడి. తండ్రి కాలము చేసెను. పిల్లలు అటక సర్దుచుండగా, తోలు పెట్టెలో ఆరు మూలల చిన్న వాద్యము దొరకెను. రెండు కొనలయందు బొత్తాములు, నడుమ మడతల తిత్తి. అది కాన్సర్టీనా. దానిని తాతగారు వాయించెడివారని తల్లి చెప్పెను. ఇప్పుడు ఇంట వాయించువారు ఎవరును లేరు. పెద్దవాడు, "అమ్మి పంచుకొందము" అనెను. చెల్లెలు, "నాయన గుర్తు, ఉండనీ అన్నా" అనెను. చిన్నవాడు, "మందిరమునకు ఇచ్చివేయుదము" అనెను. ముగ్గురిలో ఎవరి మాట సరియైనది? ఇదే మన పాఠము.

1. వాద్యమును ఎరుగుట

మన హార్మోనియమువలెనే దీనిలోను గాలి తగిలి లోహపు రేకులు పలుకును. హార్మోనియమును నేలమీద నుంచి వాయింతురు. దీనిని రెండు చేతుల నడుమ పట్టి లాగుచు, నొక్కుచు వాయింతురు. దీనిని కనుగొన్నవాడు చార్లెస్ వీట్‌స్టన్. 1837లో తంతి యంత్రమునకు పేటెంటు పొందిన ఇద్దరిలో ఇతడొకడు. రక్షణ సైన్యము వారు వీధి కూటములలో దీనిని విరివిగా వాడిరి. వారి సేవ మన దేశములో 1882లో ఆరంభమాయెను.

ముందు బొత్తాములు లెక్కింపుడి. 48 ఉండి, లాగినను నొక్కినను ఒకే స్వరము పలికినయెడల అది ఇంగ్లీషు రకము కావచ్చును. 20 గాని 30 గాని ఉండి, లాగినప్పుడొక స్వరము, నొక్కినప్పుడు వేరొకటి పలికినయెడల అది ఆంగ్లో రకము. ఒకటి నేర్చినవాడు రెండవదానిని వెంటనే వాయింపలేడు. కావున రకము తెలియక తగినవానిని వెదకుట కష్టము. చేసినవారి పేరును, సంఖ్యయు వ్రాసికొనుడి. వీట్‌స్టన్ కంపెనీ పాత లెక్కపుస్తకములు లండనులోని హార్నిమన్ మ్యూజియములో ఉన్నవి. ఆ కంపెనీ వాద్యమైనచో, సంఖ్యను బట్టి అది ఏ యేట చేయబడెనో తరచుగా తెలిసికొనవచ్చును.

తరువాత, బొత్తాము నొక్కకుండ ఒక కొన పట్టీని పట్టి పైకెత్తుడి. రెండవ కొన మెల్లగా దిగినయెడల తిత్తి బాగున్నది. దభాలున జారినయెడల గాలి పోవుచున్నది. మన ఎండలకు చెక్క బిగిసి పగులును, తోలు ఎండును. వానకాలపు చెమ్మకు ఉక్కు రేకులు తుప్పు పట్టును. రేకులకు నూనె పూయకుడి, తుప్పు గీకకుడి, తిత్తికి ప్లాస్టరు అంటింపకుడి. ఇట్టి మేలు తలంచి చేసిన కీడు మరమ్మతును మరింత కష్టము చేయును.

2. మౌనమునకు ఒక కాలము

బబులోను నదులయొద్ద చెరలోనివారు తమ సితారాలను చెట్లకు తగిలించిరి. దుఃఖములో పాట రాదు. అది తప్పు కాదు. తండ్రి పోయిన ఇంట చెల్లెలు ఆ పెట్టెను హత్తుకొనుటయు తప్పు కాదు. తొందరపడి ఆమె చేతినుండి లాగుకొనరాదు. అయితే తలాంతును భూమిలో దాచినవాడు దానిని పోగొట్టలేదు, పాడుచేయలేదు, వాడలేదు, అంతే. ప్రభువు అతనిని దానినిగూర్చియే లెక్క అడిగెను. తిత్తి కదలని వాద్యము ఏటేట తనంతట తానే చెడును. భద్రముగా దాచితిమని మనమనుకొందుము గాని, మెల్లగా పోగొట్టుకొనుచున్నాము.

3. ఇచ్చుటకు హక్కు ఎవరిది?

సెలోపెహాదు కుమార్తెలు తండ్రి స్వాస్థ్యములో పాలు అడిగినప్పుడు, వారి మాట న్యాయమని దేవుడే చెప్పెను. మన దేశపు 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడవ వంతు. మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. కావున పెద్దవాడు ఒక్కడే అమ్మరాదు. చిన్నవాడు ఒక్కడే దానము చేయరాదు. తల్లి మొదలుకొని అందరు కూర్చుండి ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్నది కాగితముపై వ్రాయవలెను. వాద్యముకొరకు ఇంటి సమాధానమును పోగొట్టుకొనుట ఏపాటి లాభము?

4. ఎవరి చేతికి?

వాయించు చేతికి. మందిరమునకు ఇచ్చుట మంచిదే. కాని అక్కడ వాయించువాడు లేనియెడల అది అటకనుండి బీరువాలోనికి మారును, అంతే. మన కీర్తనలలో అనేకము కర్ణాటక రాగములలో ఉన్నవి. వాటి గమకములు బొత్తాముల వాద్యముపై పూర్తిగా పలుకవు. పాశ్చాత్య రాగముల పాటలకు ఇది చక్కగా ఒదుగును. పైగా పాత కాన్సర్టీనాల శ్రుతి నేటి హార్మోనియముతో కలియకపోవచ్చును. ఇవన్నియు పుచ్చుకొనువారికి ముందే చెప్పవలెను.

అమ్మిన పాపమా? కాదు. లోపములు దాచి అమ్మినయెడల పాపము. విలువ తెలిసినవారిని ఇద్దరు ముగ్గురిని అడిగి, న్యాయమైన వెల కోరుడి. నేర్చుకొనగోరు బీద బాలుడు గాని బాలిక గాని దొరికినయెడల, వెల తగ్గించుటయో, కొంతకాలము వాడుకకు ఇచ్చి చూచుటయో మేలు. చెల్లెలికొరకు తాతగారి పేరు, ఊరు ఒక చీటిపై వ్రాసి వాద్యముతోకూడ పంపుడి. అప్పుడు గుర్తును నిలుచును, వాద్యమును పలుకును.

పైని ముగ్గురి మాటలలోను కొంత న్యాయమున్నది: వెల, జ్ఞాపకము, సేవ. వాయించు చేయి దొరికినచోట మూడును కలియును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఇంట వాడక దాచిన వస్తువు ఏది? అది ఎవరికి పనికివచ్చును?
2. తండ్రి ఆస్తి విషయములో మీ అక్కచెల్లెండ్రను అడిగితిరా?
3. మీ సంఘములో సంగీతము నేర్చుకొనగోరు పిల్లలు ఎవరు? వారికి వాద్యమున్నదా?