ఉప్పునీటిలో పచ్చని చెట్లు

తెనాలిలో రైలెక్కితే రేపల్లెతో పట్టాలు ఆగిపోతాయి. దారి పొడవునా వరి చేలు, గుంటల్లో కలువలు, కాలువ గట్ల వెంట తుంగ, జమ్ము. ఇదంతా కృష్ణా కాలువల మంచినీటి చలువ. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు, సముద్రం దగ్గరికి పోయేకొద్దీ ఈ మొక్కలు తగ్గిపోతాయి. ఉప్పునీటి పాయల ఒడ్డున మాత్రం దట్టంగా చెట్లు కనిపిస్తాయి. అవే మడ చెట్లు. వరిని చంపే నీటిలో మడ ఎలా బతుకుతోంది?

చేసి చూడండి

రెండు గిన్నెల్లో నీళ్లు పోసి, ఒకదానిలో మూడు చెంచాల ఉప్పు కలపండి. రెండింటిలోనూ పలుచని బంగాళాదుంప ముక్కలు వేయండి. రెండు గంటల తరువాత తీసి వంచండి. మంచినీటిలోని ముక్క బిరుసుగా ఉంటుంది. ఉప్పునీటిలోనిది మెత్తబడి వంగుతుంది. ముక్కలోని నీరు బయటి ఉప్పునీటిలోకి పోయిందన్నమాట. దీనికి కారణం ద్రవాభిసరణ. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందుకే ఉప్పునీరు చేరిన చేలో వరి, చుట్టూ నీరున్నా ఎండిపోతుంది.

మడ చేసే పని

మడ వేళ్లు ఉప్పులో ఎక్కువ భాగాన్ని బయటే ఆపేస్తాయి. లోపలికి వచ్చిన కాస్త ఉప్పును ఆకుల మీది లవణ గ్రంథులు బయటికి పంపుతాయి. ఎండవేళ ఆకు మీద తెల్లని ఉప్పు రవ్వలు కనిపించేది అందుకే. ఇలకూరది మరో దారి. ఉప్పును తన దళసరి ఆకుల్లోనే నీటితో కలిపి దాచుకుంటుంది.

బురదలో గాలి ఆడదు కదా! అందుకే మడ చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్లు శ్వాసవేళ్లు పైకి లేస్తాయి. పోటు తగ్గినప్పుడు వాటి రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది.

మడకూ హద్దుంది

మడ అలల ఉరవడిని తగ్గిస్తుంది, ఒండ్రును పట్టి ఉంచుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్న ఈ తీరంలో అది చిన్న మేలు కాదు. అయినా వంటచెరకు కోసం, రొయ్యల చెరువుల కోసం చాలాచోట్ల మడను నరికారు. నరికిన నేల ఎండకు ఎండి, ఉప్పు పేరుకుపోతుంది. అప్పుడు మడ కూడా మొలవదు! అలాంటి చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీటిని రప్పించి ఉప్పును కడిగి, మళ్లీ మడను పెంచారు. కృష్ణా ముఖద్వారాల మడ అడవిని 1989లో అభయారణ్యంగా ప్రకటించారు.

మడ అడవికి వెళితే ఆకులు తెంపకండి. అక్కడ పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

మీకొక ప్రశ్న: బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో మేక గిట్ట వంటి ఆకులు, ఊదా పూలు గల తీగ పాకుతుంది. గాలికి కదిలే ఇసుకలో అది ఎలా నిలుస్తోంది? కణుపుల కింద ఏముందో చూడండి, తెలుస్తుంది.